సీతాఫలాలు మాగేలోపు

మా ఇచ్చోడ గుట్టల్లో సీతాఫలాలు ఎంత విరగకాసేవంటే, చెట్లు బరువు మోయలేక మమ్మల్ని పేరుపెట్టి పిలిచేవి. నేనూ అక్కా కళ్లు తెరిచి పక్వానికొచ్చిన కాయలు కోసి, తక్కువలో తక్కువ ఒక లక్ష ఉంటాయి, బండ సందులో టేకాకులు పరిచి మాగబెట్టాం.

"నాలుగొద్దులు గిటు రాకు. వచ్చినవో, నీకు వాటా లేదు," అంది అక్క.

నాలుగు రోజులు! అంతలో నాకు ముసలితనం వచ్చేస్తే? పూటకోసారి దొంగతనంగా గుట్టెక్కి, ఒక్కో కాయనూ వేలితో ఒత్తి చూసి వచ్చేవాణ్ణి. చెట్ల మీది కొండెంగలు, ఆ నల్లమూతి కోతులు, నన్నే చూసేవి. చూడనీ, వాటికేం తెలుసు అనుకున్నాను.

నాలుగోనాడు అక్క వెంట పోతే, నడుమెత్తు గడ్డిలో లారీ పట్టేంత బాట పడి ఉంది.

"గీ బాట ఎవలు ఏసిండ్రురా?"

నేను ఆకాశం వైపు చూశాను. బాట చివర బండ మీద కొండెంగల మంద మా పండ్లు తింటూ, నల్లటి గింజలు మా నెత్తిన ఉమ్మింది. మిగిలిన ఒకే ఒక్క కాయను ఓ ముసలి కొండెంగ వేలితో ఒత్తి చూసి, మూతి విరిచి, కింద పడేసింది.

"నీ దగ్గర్నే నేర్చుకున్నట్టున్నది," అంటూ అక్క ఆ గట్టికాయను నా చేతిలో పెట్టింది. "ఇగో, నీ వాటా."