టిక్కుల గొట్టం చేసిన మా బావ

మా బావ పోయాడు. కిందటి నెలలో శ్రీకాకుళం నుంచి తంతి వచ్చేసరికి నేను విజయనగరంలో, ఉద్యోగం చేసే కాలేజీ ల్యాబులో గాజు సామాను తుడుచుకుంటున్నాను. మూడు రోజుల జ్వరమట. నలభై నిండలేదు. మా అక్క మొగుడు. పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ గ్యాసులైట్లు అద్దెకిచ్చే వ్యాపారి. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటారు. ఆయన గురించి నాలుగేం ఖర్మ, నలభై రాయొచ్చు. కానీ అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఆయన బతికున్నన్నాళ్ళూ నేను ఆయన్ని చూసి కుళ్ళుకున్నాను.

ఎందుకు కుళ్ళుకోను చెప్పండి? నేను బి.ఎస్సీ. చదివినవాణ్ణి, ఆయనది థర్డు ఫారంతో ఆగిన చదువు. అయినా ఆయన చెయ్యి పెడితే ఆగిన గడియారం నడిచేది. నేను ముట్టుకుంటే నడిచేది ఆగేది. ఏ వస్తువు పాడైనా ముందు చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపేవాడు. "ఏటయినాదో అదే సెప్తాది, కంగారెందుకు?" అనేవాడు. మా అమ్మ ఆ మాట విని మురిసిపోయి, "మీ బావని సూసి నేర్సుకోరా," అని నన్ను పొడిచేది. కన్నకొడుకు కంటే అల్లుడు ఎక్కువైపోయాడు ఆవిడకి.

జపాను మీద బాంబు పడ్డాక ఎక్కడ చూసినా అణువు మాటే. మా లెక్చరరు గారు ఒకరోజు ల్యాబులో అందరి ముందూ అన్నారు: కంటికి కనపడని రేడియం జాతి కిరణాల్ని పసిగట్టే గొట్టం ఎవరైనా సొంతంగా చేసి తెస్తే, దాన్ని ల్యాబు బల్ల మీద శాశ్వతంగా పెట్టించి, పక్కన చేసినవాడి పేరు రాయిస్తానని. ఆ పేరు నాదే కావాలనుకున్నాను. అంత గట్టిగా జన్మలో ఇంకేదీ కోరుకోలేదు.

చూడ్డానికి సులువైన వస్తువే. ఒక గాజు గొట్టం, లోపల చుట్టిన రాగిరేకు, నడి మధ్యలో సన్నని తీగ. లోపలి గాలి తీసి, కొసలు మూసి, గట్టి కరెంటు పెట్టాలి. కిరణం దూరినప్పుడల్లా చెవికి పెట్టుకున్న ఇయర్‌ఫోనులో టిక్కుమంటుంది. నేను కాలేజీ పంపుతో గాలంతా లాగేసి రెండు గొట్టాలు చేశాను. రెండూ మూగవే. ఆ పండక్కి అక్క వాళ్ళింటికి వెళ్ళి, బావ ముందు గొప్ప కోసం పలక మీద బొమ్మ గీసి ఇదంతా వివరించాను. నా ఖర్మ కాకపోతే గీయడమెందుకు?

రెండు నెలల్లో ఆయన చేసేశాడు! సైకిలు పంపులో తోలు వాషరు తిరగేసి బిగిస్తే అది గాలి కొట్టడం మాని లాగుతుందని ఆయనకెవరు చెప్పారో. తీగ కావాలంటే మా అక్క వీణ తీగ ఒకటి విప్పేశాడు. గ్యాసులైటు వెలిగించే స్పిరిట్టు ఒక చుక్క లోపల వేశాడు. సాలూరు లారీ షెడ్డులో పారేసిన ఇంజను కాయిలు గట్టి కరెంటుకి పనికొచ్చింది. కొసలు మూయడానికి కంసాలి దగ్గర్నుంచి లక్క తెచ్చాడు. నా గొట్టాలు ఎందుకు పలకలేదో కూడా ఆయనే చెప్పాడు: "అంతా లాగీకూడదురా. కుసింత గాలి ఉండనియ్యాల. అన్నీ తీసీస్తే లోపల పలకడానికి ఏటుంటాది?"

నా ఒళ్ళు మండిపోయింది. డిగ్రీ నాది, పంపు నాది, పుస్తకాలు నావి. గొట్టం ఆయనది.

కళింగపట్నం ఒడ్డు నుంచి, అలాంటి కిరణాలుంటాయని చెప్పుకునే నల్లిసుక తెప్పించి, దాంతో పరీక్ష చేస్తున్నానని, నన్నూ రమ్మని కార్డు రాశాడు. వెళ్ళాను. కొట్టులో బల్ల మీద గొట్టం, పక్కన సీసాలో ఇసుక, ఆయన చెవికి మిలిటరీ వాళ్ళు వదిలేసిన ఇయర్‌ఫోను. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"ఒరే బామ్మర్దీ, ఇసక పెడితే కొట్టుకుంటన్నాది. ఇసక తీసీసినా అలగే కొట్టుకుంటన్నాది. ఏటిరా ఇది?"

ఇక్కడ వాళ్ళ కొట్టు పట్టింపు ఒకటి చెప్పాలి. గ్యాసులైటులో వెలిగేది మేంటిలు, అంటే చిన్న వలగుడ్డ సంచి. ఒకసారి కాలాక అది ఉత్త బూడిదే, చెయ్యి తగిలితే రాలిపోతుంది. పెళ్ళికి వెలిగిన మేంటిలు బూడిదని చీపురుతో ఊడ్చి పారేయడం వాళ్ళింట్లో తప్పు. ఏడాది పొడుగునా డబ్బాలోకి ఎత్తి, ఉగాదికి ముందు నాగావళిలో కలిపేవారు. ఆ డబ్బా ఉండేది సరిగ్గా ఆ బల్ల కింద. నిండా ఉంది. కూర్చుంటే నా మోకాలికి తగిలింది.

మేంటిలు గుడ్డని, ఈ కిరణాలు వదిలే థోరియం అనే లోహపు ఉప్పులో నానబెడతారని, నల్లిసుకలో ఉండేది కూడా ఆ థోరియమేనని అంతకు వారం ముందే పుస్తకంలో చదివాను. బావ గొట్టం చక్కగా పనిచేస్తోంది. కాళ్ళ దగ్గరున్న డబ్బాని లెక్కపెడుతోంది, అంతే. డబ్బా పెరట్లోకి జరిపితే ఆ సాయంత్రానికే ఆయన గెలిచేవాడు.

"గాలి దూరతన్నాది బావా. గొట్టం పాడైపోనాది," అన్నాను.

"నిజవేనా?"

"సదువుకున్నది నేనా, నువ్వా?"

"నువ్వేగదరా," అని నవ్వి, కత్తి వేడిచేసి లక్క ఊడదీశాడు. బిగిసి ఉన్న వీణ తీగ తెగి ఆయన చేతిని చీరింది. నెత్తురు తుడుచుకుంటూ కూడా ఆయన నన్ను కాఫీ తాగి వెళ్ళమన్నాడు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో నేను హాయిగా నిద్రపోయాను. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ అదే నిజం.

ఆ తరవాత నేను, బావ చెప్పినట్టు కొంచెం గాలి ఉంచి కూడా, ఇంకో నాలుగు చేశాను. ఒక్కటీ పలకలేదు. ఎప్పుడు కలిసినా బావ అడిగే మొదటి మాట, "నీది పలికిందేటిరా?" ఎగతాళి చేస్తున్నాడనుకుని పళ్ళు నూరుకునేవాణ్ణి. రెండేళ్ళు అడిగాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చిన రోజులూ ఉన్నాయి. చెప్పలేదు.

పన్నెండో రోజు కార్యక్రమాలు అయ్యాక అక్క లోపలికి పిలిచి, పాత తువ్వాల్లో చుట్టిన గొట్టం నా చేతిలో పెట్టింది.

"నువ్వొచ్చి ఎల్లిన నెల తిరక్కుండా మల్లీ ఇది సేసినాడు," అంది. "మేడ మీదకి అట్టుకెల్తే ఊరుకున్నాదట, బల్ల మీద పెడితే మల్లీ మొదలెట్టినాదట. అలగ బూడిద డబ్బా సంగతి ఆయనే కనిపెట్టీసినాడు."

గొట్టం వైపే చూస్తూ అడిగాను. "మరి నాకు సెప్పనేదేటి?"

"నానూ అదే అడిగినాను. 'మీ తమ్ముడికి ముందే తెలుసే. తెలిసే సెప్పనేదు. ఆ బల్ల మీద పేరంటే ఆడికి పిచ్చి. ఆడిది పలికినాక నాది బైటికి తీస్తాను,' అన్నాడు." అక్క కళ్ళు తుడుచుకుంది. "జొరంలో మొన్న మల్లీ అన్నాడు. 'ఆడిది ఇంక పలకదు గావాల. ఇది ఆడికిచ్చీ. నాదేనని సెప్పుకోమను,' అని."

సిగ్గుతో చచ్చిపోవలసిన చోట నాకు ముందు పుట్టింది ఏమిటో తెలుసా? అసూయే. ఇంత మనసు కూడా ఈయనకేనా, నాకు రవ్వంతైనా ఇవ్వలేదేమి దేవుడని. దాని వెనకే ఇంకో మాట, ఇదీ దాచను: దీని పక్కన నా పేరే రాయించుకుంటే ఏం, ఎవరికి తెలుస్తుంది అని.

గొట్టం తిప్పి చూశాను. కొసన లక్క వేడిగా ఉండగా అదిమినట్టున్నాడు, బొటనవేలి ముద్ర దిగబడి ఉంది. ఒక్క గీతైనా చెరగలేదు. అక్క అటు తిరిగినప్పుడు ఆ ముద్రలో నా బొటనవేలు పెట్టి చూసుకున్నాను. చుట్టూ ఇంకా చోటు మిగిలిపోయింది.