మిషను బావ బాగుచేసిన టాయిలెట్

మా అక్క మొగుణ్ణి అందరూ మిషను బావ అంటారు. వరసకి బావ కానివాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. కుట్టు మిషన్లు బాగుచేయడం ఆయన పని. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు ఎక్కడుంటే అక్కడికి వెళ్తాడు, వారం పది రోజులు ఉంటాడు, మొరాయించిన మిషన్లన్నిటినీ నడిపించి వస్తాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట సన్నటి ముక్కున్న నూనె డబ్బా ఉంటుంది. పెళ్ళి ఫోటోలో కూడా ఆ డబ్బా కనిపిస్తుంది, జేబు కింద మరక కూడా కనిపిస్తుంది.

"కదిలేదేదైనా ఆగిందంటే రెండే కారణాలు మరదలా. దుమ్మన్నా పట్టి ఉండాలి, నూనన్నా ఆరిపోయి ఉండాలి" అనేవాడు. మా ఇంట్లో తలుపు బందులు, ఫ్యాను, కత్తెరలు, చివరికి మా అమ్మ గొడుగు కూడా ఆ నూనె తాగినవే. నేను బస్సు కండక్టర్ని. నోరు లేకపోతే నా ఉద్యోగమే లేదు. "నీకు మోకాళ్ళ నొప్పులొస్తే డాక్టరు దగ్గరికెళ్ళవు బావా, రెండు చుక్కలు వేసుకుని కూర్చుంటావు" అని ఏడిపించేదాన్ని. "వేసుకున్నానే. ఎడమ మోకాలికి బాగా పనిచేసింది" అనేవాడు. ఆయనతో వేళాకోళంలో గెలవడం నావల్ల అయ్యేది కాదు.

అక్క ఆయన వెంటే తిరిగేది. వాళ్ళకి పిల్లల్లేరు. బావ మిషను విప్పుతుంటే అక్క మరల్ని గుడ్డ మీద వరసగా పేర్చేది. మళ్ళీ బిగించాక దారం ఎక్కించి, పాత గుడ్డ మీద కుట్టి చూసేది. అక్క "ఊఁ" అనేదాకా బావ ఆ మిషను దగ్గర్నుంచి లేచేవాడు కాదు. ఇరవయ్యేళ్ళు అలా బస్సుల్లో, లాడ్జీల్లో గడిచిపోయాయి. ఆ ఫ్యాక్టరీల్లో, బస్‌స్టాండుల్లో మరుగుదొడ్ల సంగతి ఆడవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. అక్క పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుని ఉండేది. రాళ్ళొచ్చాయి, చీము పట్టింది, జ్వరాలొచ్చాయి, ఆఖరికి ఒక కిడ్నీ తీసేశారు.

"ఉన్నది ఇంకొక్కటేనమ్మా" అంది డాక్టరమ్మ. "రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగాలి. వచ్చినప్పుడల్లా వెళ్ళాలి, ఆపుకోకూడదు. ఈ రెండూ మానేస్తే ఇది కూడా పోతుంది."

నేనైతే అక్కని ఇంటిపట్టున ఉండమన్నాను. "నేను లేకపోతే ఆయన బాగుచేసినవి ఎవరు కుట్టి చూస్తారే?" అంది. బావ వెళ్ళి వ్యాను కొనుక్కొచ్చాడు. అంతకు ముందు ఎవరో షికార్లకి వాడుకున్న పాత వ్యాను. లోపల మంచం, పొయ్యి, వెనకాల బీరువా అంత గది, ఆ గదిలో టాయిలెట్. అక్క తలుపు తీసి చూసి, లోపలికెళ్ళి గడియ పెట్టుకుని, చాలాసేపటికి బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏమైందే?" అంటే "ఏం లేదు, గడియ ఉందే దీనికి" అంది.

ఆ టాయిలెట్‌లో పెద్ద తంత్రమేమీ లేదు. కూర్చునే గిన్నె అడుగున ఒక పలక ఉంటుంది. పిడి లాగితే పలక పక్కకి జరుగుతుంది, ఉన్నదంతా కింద పెట్టెలో పడుతుంది. పిడి నెడితే మూసుకుంటుంది. కంపు పైకి రాకుండా పలక చుట్టూ రబ్బరు రింగు ఉంటుంది. పెట్టె నిండాక వ్యాను బయటివైపు చిన్న తలుపులోంచి దాన్ని లాగి, చక్రాల మీద ఈడ్చుకెళ్ళి, పారబోయాల్సిన చోట పారబోసి కడుక్కు రావాలి. వ్యాన్లు ఆపుకునే ప్రతి స్థలంలోనూ అలాంటి చోటొకటి ఉంటుంది. ఆ పని బావ చేసేవాడు. అక్కని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

నాలుగు నెలలు బాగానే నడిచింది. తర్వాత పిడి బిగిసింది. ఇంకెవరైనా అయితే తెలిసినవాళ్ళని అడిగేవాళ్ళు. మా బావ అడుగుతాడా! జేబులోంచి డబ్బా తీశాడు, పలక చుట్టూ తిప్పి తిప్పి నూనె వేశాడు. పిడి వెన్నలా కదిలింది. "చూశావా?" అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

పది రోజులకి మళ్ళీ బిగిసింది. ఈసారి పలక సగంలో ఆగిపోయింది, కంపు లోపలికి కొట్టింది. బావ మొత్తం ఊడదీసి, కడిగి, ఇంకాస్త నూనె వేశాడు. వారం తర్వాత రింగు పక్కనుంచి కారడం మొదలైంది. మళ్ళీ ఊడదీశాడు. ఊడదీసినప్పుడల్లా రెండు మూడు రోజులు ఆ గదికి తాళమే. ఆ రెండు మూడు రోజులూ అక్క ఏం చేసేదో నేను అడగలేదు, బావా అడగలేదు. బాగైపోతుందిలే అనుకున్నాం. కుట్టు మిషన్లన్నీ ఆయన చేతిలో బాగయ్యాయి మరి!

వేసవిలో ఎనిమిది రోజులు సెలవు పెట్టి వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి బావ నడుము నొప్పికి బెల్టు కట్టుకుని, వ్యాను వెనక బోర్లా పడుకుని, చిన్న తలుపులోకి తల దూర్చి ఉన్నాడు.

"బావా, మరదలొస్తే ఎదురొచ్చేది ఈ వైపునుంచా?"

"నోర్మూసుకుని ఆ టార్చి పట్టుకో."

పెట్టెలో ఉన్నదంతా అడుగున గట్టిపడిపోయింది. ఎంత వంచినా జారదు. కర్ర పెట్టి పొడిస్తే పెట్టె పగులుతుందని భయం. బావ చాలాసేపు ఆలోచించి, వేడినీళ్ళు, అంట్లు తోమే సబ్బునీళ్ళు బకెట్టుతో అందులో పోసి, పెట్టెని మళ్ళీ వ్యానులోకి తోసి, "ఎక్కండి" అన్నాడు.

"ఎక్కడికి?"

"గతుకుల రోడ్డు ఎక్కడుంది ఇక్కడ? లోపల కుదుపు తగలాలి. అదే కరుగుతుంది."

మంచి రోడ్డు కోసం లోకమంతా మొత్తుకుంటుంటే గతుకులు వెతుక్కుంటూ పెట్రోలు తగలేసే మనిషిని ఈయన్నే చూశాను. "మా డిపో రూటుకి రా బావా, అక్కడ గుంతలకి కొదవలేదు" అన్నాను. గోదాముల వెనక లారీలు పాడుచేసిన దారిలో గంటన్నర తిరిగాం. గుంత వచ్చినప్పుడల్లా వెనక గుడగుడమని చప్పుడు. "అదిగో, కరుగుతోంది!" అని బావ, "అయ్యో, గిన్నెలు!" అని అక్క. నేను నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాను. అక్క కూడా నవ్వింది గానీ పెదవులు పగిలిపోయి ఉన్నాయి, నవ్వితే నొప్పెట్టి వేలితో అద్దుకుంటోంది. చూశాను. ఎండలే అనుకున్నాను.

నేనున్నన్నాళ్ళూ అక్క ఫ్యాక్టరీకి వెళ్ళలేదు. బావ రోజూ పొద్దున మూడు లీటరు సీసాలు నింపి పొయ్యి పక్కన పెట్టి పనికెళ్ళేవాడు. సాయంత్రం వచ్చి ఖాళీ సీసాలు చూసుకుని తృప్తిగా తలాడించేవాడు. అయిదో రోజు మధ్యాహ్నం నేను నిద్రలేచి చూస్తే అక్క మూడో సీసా అంట్ల తొట్టిలో వంపుతోంది.

"ఏంటే ఇది?"

"అరవకే! పక్క వ్యాను వాళ్ళు వింటారు."

"విననీ! బుద్ధుందా నీకు? ఎన్ని రోజుల్నుంచి పారబోస్తున్నావు?"

అక్క సీసాకి మూత బిగించి, అది బిగుసుకున్నాక కూడా తిప్పుతూనే ఉంది.

"తాగితే వెళ్ళాలి కదే. నేను మూడు లీటర్లు తాగితే ఆ పెట్టె రెండు రోజులకే నిండుతుంది. నిండిన పెట్టె బరువెంతో నీకు తెలుసా? ఆ నడుముతో ఈడ్చుకెళ్తారు. ఫ్యాక్టరీలో మేనేజర్లు కుర్చీ వేసి కూర్చోబెట్టే మనిషి, నా పెంటపెట్టె ఈడ్చుకుంటూ అందరి ముందూ నడుస్తుంటే నాకు ప్రాణం చచ్చిపోతోందే. అందుకే వెళ్ళినా చిన్న గ్లాసుడు నీళ్ళే పోస్తున్నాను. నాలుగు రోజులు వస్తుంది."

నీళ్ళు పోయకపోతే గడ్డకట్టక ఏం చేస్తుంది? ఆయన భార్య కోసం బాగుచేస్తున్నాడు, ఈవిడ మొగుడి కోసం పాడుచేస్తోంది! నాకు కోపంతో ఒళ్ళు మండిపోయింది. "సాయంత్రం రానీ, బావకి చెప్పకపోతే నా పేరు మార్చుకుంటా" అన్నాను.

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చెబితే నా మీద ఒట్టే. ఆయన ఆ సీసాలు చూసుకునే బతుకుతున్నారు. రేపట్నుంచి తాగుతాను. నిజం."

బస్సులో చిల్లర కోసం పెద్ద పెద్ద మీసాలవాళ్ళతో పోట్లాడేదాన్ని నేను. ఆ ఒక్కసారి నోరు మూసుకున్నాను. మర్నాడు అక్క నా ఎదురుగా సీసా ఎత్తి తాగింది, ఆ మర్నాడు కూడా తాగింది. నాకది చాలనిపించింది. సెలవైపోయింది, డ్యూటీకి వచ్చేశాను.

రెండు నెలల తర్వాత బావ ఫోన్ చేశాడు. గొంతు ఏదోలా ఉంది.

"మరదలా, ఇన్నాళ్ళూ దాన్ని పాడుచేసింది నేనేనే."

వ్యాను సామాన్లు అమ్మే దుకాణానికి కొత్త రింగు కోసం వెళ్ళాడట. కొట్లో ఆమె పాత రింగుని వేళ్ళతో నొక్కి, వాసన చూసి, "దీనికి ఏం నూనె వేశారు?" అని అడిగిందట. ఈయన గర్వంగా జేబులో డబ్బా చూపించాడట.

"రబ్బరుకి మిషను నూనె పడదటే. పీల్చుకుని ఉబ్బిపోతుందట. ఉబ్బి పలకని పట్టేస్తుంది, తర్వాత మెత్తబడి కారుతుంది. దానికి సిలికాన్ గ్రీజు రాయాలట. ఇంత చిన్న ట్యూబు. ఆమె నవ్వేసిందే. నలభై ఏళ్ళుగా నూనెతో బతుకుతున్నవాణ్ణి..."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఎకసెక్కమాడదామనుకున్నాను. ఆ గొంతు విన్నాక, "కొత్త రింగు దొరికిందా?" అని అడిగాను.

కొత్త రింగు వేశాడు, గ్రీజు రాశాడు. అక్కని పిలిచి పిడి చేతికిచ్చాడట. అక్క లాగి, నెట్టి, మళ్ళీ లాగి "ఊఁ" అందట. ఆ వారంలోనే అక్క పాదాలు వాచాయి. చెప్పులు పట్టలేదు. ముఖం ఉబ్బింది. తిన్నది తిన్నట్టు కక్కేస్తుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

నేను వెళ్ళేసరికి డాక్టరమ్మ కాగితాలు చూస్తోంది. ఆ కాగితాల్లో ఏముందో ఆమె ముఖమే చెప్పింది.

"నీళ్ళు ఎంత తాగుతున్నారు?"

"మూడు లీటర్లండి" అన్నాడు బావ వెంటనే. "రోజూ నేనే నింపి పెడతాను. సాయంత్రానికి మూడు సీసాలూ ఖాళీ."

అక్క దుప్పటి అంచు చూస్తోంది. ఆమె ఇక చెప్పదని నాకు అర్థమైంది.

"తాగట్లేదు బావా" అన్నాను. "పెట్టె నిండితే ఆ బరువు నువ్వు ఈడ్చాలని పారబోస్తోంది. ఎండాకాలంలో నేను కళ్ళారా చూశాను."

బావ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చెంప మీద కొట్టినా పడి ఉండేదాన్ని. "నీకు తెలుసా?" అని మాత్రం అడిగాడు. తల ఊపాను. ఆయన అక్క వైపు తిరిగి, "పెట్టె బరువని ఎవరు చెప్పారే నీకు? నేనెప్పుడన్నా అన్నానా?" అన్నాడు. అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇది ముందే తెలిస్తే కిడ్నీ నిలిచేదా అని డాక్టరమ్మని పట్టుకుని అడిగాను. "అదొక్కటే కారణమని నేను చెప్పలేనమ్మా" అంది. కాదని మాత్రం అనలేదు.

ఇప్పుడు వారానికి మూడు రోజులు డయాలసిస్. వ్యాను ఎక్కడికీ పోదు. ఆసుపత్రి వెనక సందులో, గోడ పక్కన ఆపి ఉంటుంది. బావ దగ్గర్లో ఉన్న ఒక్క ఫ్యాక్టరీలోనే పని చూసుకుంటున్నాడు. టాయిలెట్‌కి ఒక్క వంక పెట్టడానికి లేదు. పిడి చిటికెన వేలితో లాగినా కదులుతుంది, చుక్క కారదు, కంపు లేదు. అక్కకి దానితో పని దాదాపు లేదు. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి మూసుకుపోయింది కాబట్టి రోజంతటికీ అరలీటరు నీళ్ళే తాగాలి, అంతకు మించితే ఊపిరితిత్తుల్లోకి చేరుతుందన్నారు. అయినా బావ రోజూ పొద్దున్నే ఆ రింగు తుడిచి గ్రీజు రాస్తాడు. వాడకపోతే ఎండిపోతుందట.

పోయిన ఆదివారం నేను వ్యానులో అక్కకి తోడు కూర్చున్నాను. బావ ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అక్క నాలుక పిడచకట్టుకుపోయింది. ఆ రోజు వంతు నీళ్ళు మధ్యాహ్నానికే అయిపోయాయి.

"చెల్లీ, ఒక్క గ్లాసు ఇవ్వవే."

"వద్దే. చెప్పారుగా."

"సగం గ్లాసు. నీ కాళ్ళు పట్టుకుంటానే."

తడిగుడ్డతో పెదవులు తుడిచాను. ఆ గుడ్డని పళ్ళతో పట్టుకుని పీల్చింది. నేను లాక్కోవాల్సి వచ్చింది. "దాహమంటే నీళ్ళివ్వవు, నువ్వేం చెల్లెలివే!" అని ముఖం గోడ వైపు తిప్పుకుంది. కాసేపటికి మళ్ళీ పిలిచింది. చిన్నప్పుడు పిలిచినట్టే, మెల్లిగా పిలిచింది. నేను తాగడానికి తెచ్చుకున్న నిండు సీసా నా పక్కనే ఉంది. చెయ్యి దాని మీదికి వెళ్ళడం నేనే చూశాను. సీసా తీసుకుని వ్యాను దిగి, తలుపు వేసేసి, బావ వచ్చేదాకా సందులోనే నిలబడ్డాను. లోపలుంటే ఇచ్చేస్తానని భయమేసింది.