మామ లెక్కకు రాని బిళ్ళ

"ఆ సేత్తూరు పిల్లను కరెంటు పెట్టి చంపినాడే, ఆ వైర్‌మన్ పోయినాడంట. నాలుగు దినాలైందంట."

రాజపాళయం వెళ్ళి బస్సు దిగి వచ్చిన మా పక్కింటామె గుమ్మంలో నిలబడి ఈ వార్త చెప్పింది. ఉల్లిపాయల ధర కూడా ఆ ఊపిరిలోనే చెప్పింది. నేను చేటలో పప్పు ఏరుతున్నాను. ఏరుతూనే ఉన్నాను. ఆమె వెళ్ళిపోయాక చూసుకుంటే, రాళ్ళు గిన్నెలో వేసి పప్పు నేల మీద పారేస్తున్నాను.

చంపింది ఆయన కాదు. ఈ ఒక్క మాట అనడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. ఆయన బతికుండగా నోరు పెగల్లేదు, పోయాక కాగితం పట్టుకున్నాను. నేనెంత గొప్పదాన్నో చదివేవాళ్ళే తేల్చుకోండి.

అప్పట్లో మేం ఉన్నది రాజపాళయంలోనే. అక్కడ నూలు మిల్లు కొత్తగా పెట్టిన రోజుల్లో నేను రీలింగులో చేరాను. నూలును చిలపలుగా చుట్టే చోటు అది, అంతా ఆడవాళ్ళమే. ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క మోటారు. ఆ మోటార్లన్నిటినీ కనిపెట్టుకుని ఉండేవాడు వైర్‌మన్ మామ. చుట్టరికం ఏమీ లేదు. మిల్లులో అందరికీ ఆయన మామే.

నెలకోసారి ఆయన చేత్తో తిప్పే ఒక చెక్కపెట్టె మోసుకొచ్చేవాడు. దాని ఒక తీగ యంత్రం ఇనుప ఒంటికి, ఇంకో తీగ మోటారుకి తగిలించి పిడి గిరగిరా తిప్పేవాడు. పెట్టె మీది ముల్లు పైన నిలబడితే యంత్రం మంచిది. కిందికి జారిందా, లోపల ఎక్కడో కరెంటు ఇనుములోకి కారుతున్నట్టు. మంచి యంత్రానికి ఒక రేకు బిళ్ళ కట్టేవాడు. చెడ్డదైతే ఉన్న బిళ్ళ కత్తిరించి, ఫ్యూజు పీకేసేవాడు. బిళ్ళ కనబడితే తప్ప మేస్త్రీ ఫ్యూజు మళ్ళీ వేయకూడదు. మేస్త్రీకి చదువు రాదు కాబట్టి బిళ్ళ మీద అక్షరం లేదు, ఉలితో కొట్టిన మూడు చుక్కలు ఉండేవి. యంత్రానికి ఉత్త దారం కట్టడం మంచిది కాదని మిల్లు యజమాని పెద్ద ముదలాళి అన్నాడట, అందుకని పసుపులో ముంచిన దారం.

అక్కడే వచ్చింది తంటా. ఆయుధపూజ నాడు యంత్రాలు కడిగి పసుపూ కుంకుమా పెట్టినప్పుడు మేం బిళ్ళకి కూడా పెట్టాం. బిళ్ళ ఉన్న యంత్రం దగ్గర ఎవరికీ ఏమీ కాదని తెలుసుగా. పొద్దున పనిలోకి దిగేముందు బిళ్ళను తాకి కళ్ళకద్దుకోవడం మొదలైంది. ఒకామె దొంగతనంగా ఒకటి పట్టుకుపోయి గేదె మెడలో కట్టింది. గేదె పాలు పెంచిందట కూడా! మామ వాళ్ళింటికి పోయి, గేదెతో కుస్తీ పట్టి మరీ తెచ్చుకున్నాడు. సాయంత్రం బిళ్ళలన్నీ లెక్క చూసుకోనిదే ఆయన గేటు దాటేవాడు కాదు.

"అది స్వామి కాదమ్మే!" అని అరిచేవాడు. "నేను తిప్పి చూసినప్పుడు ఇది బాగుండె అని చెప్పే సాక్షి. అంతే. రేపటి సంగతి దానికి తెలీదు."

మేం తల ఊపేవాళ్ళం. ఆయన అటు తిరగ్గానే కళ్ళకద్దుకునేవాళ్ళం.

మంచి మాట ఆయన నోట వినలేదు నేను. గోడకీ స్తంభానికీ ఆనుకోగా కూడా చూడలేదు. పరీక్ష చేసేటప్పుడు ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకునేవాడు, రెండు చేతులూ పెడితే కరెంటు గుండెలోంచి పోతుందని. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, పెళ్ళి పందిట్లో నిలబడి మాట్లాడుతున్నా ఆ చెయ్యి వెనకే ఉండేది. "కరెంటుకి జాలి లేదు, పగ లేదు. తొందర మాత్రం ఉండాది" అనేవాడు. మేం తిట్టుకుంటుంటే విని, "తిట్టండమ్మా, బాగా తిట్టండి. తిట్టేదానికి నోరు మిగిలింది గదా" అనేవాడు.

నన్ను ఒకసారి కొట్టాడు. మేస్త్రీ బల్ల మీద కొత్తగా టేబుల్ ఫ్యాను పెట్టారు. చెమటతో తడిసిన చేత్తో దాన్ని నా వైపు తిప్పుకోబోయాను. అందరి ముందూ చెంప ఛెళ్ళుమంది. తరవాత ఒక బల్బు తీగలు తెచ్చి ఒకటి ఫ్యాను కాలికీ ఒకటి నీళ్ళ గొట్టానికీ ఆనించాడు. బల్బు వెలిగింది. నా చెంప కూడా వెలుగుతూనే ఉంది. ఆ దెబ్బకి నేను ఆయనకి దణ్ణం పెట్టి ఉండాల్సింది. వారం రోజులు మాట్లాడలేదు.

యుద్ధం వచ్చాక మిల్లు ఆగకుండా నడిచేది. ఆ రోజుల్లోనే రెండేళ్ళ మా పాపకి జ్వరం పట్టుకుంది. పదిరోజులైనా దిగలేదు. మందు మింగలేదు, పాలు తాగలేదు. అయిదో క్లాసు చదివినదాన్ని నేను, మిల్లులో నోటీసు అంటిస్తే మిగతా ఆడవాళ్ళకి చదివి చెప్పేదాన్ని. ఆ చదువంతా ఏమైందో, నా యంత్రం బిళ్ళ తెంపుకొచ్చి పాప మొలతాడుకి కట్టాను.

మర్నాడు తెల్లవారగానే మామ మా గుమ్మంలో ఉన్నాడు, చేతిలో కత్తెర. పాప దగ్గర గొంతుక్కూచుని బిళ్ళ పట్టుకోబోయాడు. పాప ఆయన వేలు పట్టుకుంది. ఒళ్ళు కాలిపోతోందని ఆయనకి తెలిసింది కాబోలు, చాలాసేపు వేలు తీసుకోలేదు.

"ఉండనీ. కాచ్చలు దిగినాక తెచ్చియ్యి" అని లేచాడు.

ఆ పూటే నా యంత్రాన్ని మళ్ళీ తిప్పి చూసి, కొత్త బిళ్ళ కొట్టి కట్టాడు. పాపకి జ్వరం దిగింది. నేను బిళ్ళ తిరిగి ఇవ్వలేదు. ఆయన అడగలేదు. గేదె మెడలోదైనా వదలని మనిషి, జన్మలో ఒకే ఒక్క బిళ్ళ వదిలాడు.

మా పక్క యంత్రానికి సేత్తూరు నుంచి ఒక పిల్ల వచ్చింది. మొగుడు పట్టాళంలో చేరి పోయాడు, ఇంట్లో ముసలి అత్త. బదిలీ మనిషిగా చేరింది, అంటే యంత్రం ఆగిపోతే మొదట గేటు బయట నిలబడేది తనే. నన్ను అక్కా అనేది. వచ్చిన రెండో నెలలో ఆమె యంత్రం ముల్లు కిందికి జారింది. మామ బిళ్ళ కత్తిరించాడు, ఫ్యూజు పీకాడు. మోటారు విప్పాలి, మూడు రోజులు పడుతుందన్నాడు. మేస్త్రీ ఆమెను పొమ్మన్నాడు.

"మూడు దినాల్లో నా చోట వేరేది నిలబడుంటుంది అక్కా" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

రాత్రంతా ఆలోచించానని చెప్పను, ఆలోచించే పనే పడలేదు. పొద్దున పాప మొలతాడు నుంచి బిళ్ళ విప్పి, పసుపుదారం కొత్తది తొడిగి, గంట కొట్టకముందే ఆ యంత్రానికి కట్టేశాను. నా బిడ్డను కాచిన బిళ్ళ, ఈ పిల్లను కాయదా అనుకున్నాను. మోసమని తెలిసి చేసి ఉంటే ఇప్పుడు నాకు కాస్త సుఖంగా ఉండేది. నేను మనసారా నమ్మి చేశాను.

"బిళ్ళ వచ్చేసిందే" అంటూ మేస్త్రీ ఫ్యూజు వేశాడు. నూలు తెగకుండా నేల మీద నీళ్ళు చల్లి ఉన్నారు. ఆమె వట్టికాళ్ళతో నిలబడి, బిళ్ళను తాకి కళ్ళకద్దుకుంది, నా వైపు చూసి నవ్వింది. యంత్రం తిరిగింది. కాసేపటికి భుజాలు ఊగుతుంటే ఇంకా నవ్వుతోందనే అనుకున్నాను. "చాల్లే, పని చూడు" అన్నాను. ఆమె చెయ్యి ఇనుముకి అతుక్కుపోయి ఉంది.

ఇంజను గదిలోంచి మామ పరిగెత్తుకొచ్చాడు. మెయిను దించి, చెక్కతో కొట్టి విడదీశాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆమె ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాడు. రెండు చేతులతో.

విచారణ జరిగింది. ఆడవాళ్ళ వాంగ్మూలం నేనే చదివాను, చదువుకున్నదాన్ని కదా. "యంత్రానికి బిళ్ళ ఉండినది. బిళ్ళ చూసి మేస్త్రీ ఫ్యూజు వేసినాడు." ఒక్క అబద్ధం లేదు. అందరూ వేలిముద్రలు వేశారు. ఆ పిల్ల ముసలి అత్త గోడవారన కూచుని, నేను చదివిన మాటలన్నిటికీ తల ఊపింది.

"ఇది నీ బిళ్ళేనా?" అని మేనేజరు అడిగాడు.

మామ దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు. ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. పాపకి రోజూ పట్టించే ఆముదం వాసన ఆ రేకుని వదలదు.

"నాదే."

"యంత్రం చెడ్డదని నువ్వే కత్తిరించానంటావు. మళ్ళీ ఎవరు కట్టినారు?"

ఆయన నా వైపు చూడలేదు. చూస్తే నేను చెప్పేసి ఉండేదాన్నేమో. ఏమో, చెప్పేదాన్ని కాదేమో కూడా. భయం, అంతే. దానికి ఇంకో పేరు వెతికి పెట్టుకోలేదు నేను.

"నా బిళ్ళ నా లెక్కలో ఉండాల. లేదు. తప్పు నాది" అన్నాడు.

చెక్కపెట్టె లాక్కుని, గేటు బయటికి పంపారు. అక్కడ నేను ఎదురుపడ్డాను. కాళ్ళ మీద పడదామనే వెళ్ళాను. ఆయన ఆగి, ఒకే మాట అడిగాడు.

"పాపకి బాగుండాదా?"

"బాగుంది మామా."

తల ఊపి వెళ్ళిపోయాడు. క్షమించాడో, జన్మంతా నన్ను ఆ మాటతోనే కొట్టాలనుకున్నాడో నాకు ఈనాటికీ తెలీదు. నా బతుకు నాకు మిగిల్చాడు, నా బిడ్డకి తల్లిని మిగిల్చాడు. ఇంత ఉపకారం చేసిన మనిషి ముఖం మళ్ళీ చూడలేక మేం చోళపురం వచ్చేశాం. ఆయన బస్టాండు దగ్గర ఫ్యాన్లూ ఇస్త్రీ పెట్టెలూ బాగుచేస్తూ బతికాడని విన్నాను. పిల్లను చంపినవాడని తెలిసి, ఇచ్చిన సామాను వెనక్కి తీసుకుపోయేవాళ్ళట కొందరు.

పక్కింటామె చెప్పిన ఆ మధ్యాహ్నమే రాజపాళయం బస్సెక్కాను. మామ భార్య ఒక్కతే ఉంది. వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయారు. నేను కూచోకుండానే, మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను.

"అయితే కట్టింది ఆయన కాదా?" అంది.

"కాదత్తా. నేను."

"ఆయనకి తెలుసునా?"

"తెలుసు."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. "ఆ పిల్ల చచ్చిన దినం నుంచి నేను ఆయనకి వడ్డించలేదే. అన్నం తట్ట నేల మీద పెట్టి లోపలికి పోతాంటి. ఆడపిల్లను చంపిన చెయ్యి, దాని ఎదురుగ్గా కూచోనంటి. ఏడేండ్లు. ఒక్క మాట చెప్పలేదే నాకు ఆయన." మళ్ళీ తనే, "మొన్న ఎత్తుకుపోయేటప్పుడు కూడా నాకు కన్నీళ్ళు రాలేదు. జనమంతా చూస్తాండిరి. పీడ పోయిందనుకొంటి" అంది.

నేను ఆమె పాదాలు పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది.

"అయిదు దినాలు ముందు వచ్చింటే నీకేం పోయిండె?"

ఆమె లేచి తలుపు చూపించింది. "పో" అంది.

నేను వీధి మలుపు దాకా వచ్చానో లేదో, వెనక నుంచి ఏడుపు లేచింది. శవాన్ని ఎత్తేటప్పుడు ఆడవాళ్ళు పెట్టే ఏడుపు. ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. తడిచేతులతో ఆడవాళ్ళు అరుగుల మీదికి వచ్చారు. అటు నుంచి వస్తున్నదాన్నని ఒకామె నన్నే ఆపింది.

"ఆ ఇంట్లో మళ్ళీ ఎవరమ్మే పోయినారు?"

వీధి వీధంతా నా నోటి వైపు చూస్తోంది. చెప్పడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

"నాకు తెలీదు" అని, బస్టాండు వైపు నడిచాను. బస్సు కదిలేదాకా ఆ ఏడుపు వినబడుతూనే ఉంది.