నిచ్చెన మీద మూడు దెబ్బలు

ఆ రోజు మా ఫిట్టర్ వేలు అన్నను బావిలోకి దిగనివ్వకుండా ఎందుకు ఆపానో ఇంతవరకూ ఎవరికీ నిజం చెప్పలేదు. ఊరికే అనుమానం వచ్చిందన్నాను. అసలు సంగతి నా డైరీలోనే ఉండిపోయింది.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. దయ్యాల కథలు చదివి, దీపం ఆర్పి, హాయిగా నిద్రపోయే రకం నేను.

పుదుచ్చేరిలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న మురుగునీటి శుద్ధి కేంద్రంలో ల్యాబ్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. ఇళ్ల మురుగంతా ముందు ఒక లోతైన బావిలోకి చేరుతుంది. పంపులు దాన్ని తొట్లలోకి ఎత్తిపోస్తాయి. అక్కడ గాలి ఊదితే, కంటికి కనబడని జీవులు మురికిని తినేస్తాయి. వాటిని మైక్రోస్కోపులో చూస్తూ అన్నం వేళ మరిచిపోయిన రోజులున్నాయి. మనుషులతో మాట్లాడటమే నాకు కష్టం.

నాకు పని నేర్పింది రాఘవులు తాత. ఆ పంపులు నడిపే ముసలాయన. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఒకరు బావిలోకి దిగితే మరొకరు పైన నిలబడాలి. పంపుల హోరులో మాట వినబడదు కాబట్టి, దిగినవాళ్లు ఇనుప నిచ్చెనను స్పానరుతో కొట్టాలి. రెండు దెబ్బలంటే బాగున్నాను. మూడంటే పైకి లాగండి.

పోయిన వానాకాలం తాత జ్వరంతో చనిపోయాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఇది జరిగింది.

పొద్దున పదిన్నర. పంపులో గుడ్డలు ఇరుక్కున్నాయి. వచ్చే మురుగుకు అడ్డం వేసి పంపులన్నీ ఆపేశారు. వేలు అన్న నడుముకు తాడు కట్టుకున్నాడు. తాడు రెండో కొస మాతో పనిచేసే సెల్వి అక్క చేతిలో ఉంది. విషవాయువు తగిలితే మోగే గ్యాస్ మీటర్ మాత్రం ల్యాబ్‌లో చార్జింగ్‌లో ఉంది.

"తెస్తానన్నా" అన్నాను మెల్లగా.

"యాడికి పోతావు పాపా? నువ్వొచ్చేలోపు టీ సల్లారిపోతాది. వాసనే లేదు గదా! సీక్రం దిగి సీక్రం ఎక్కేస్తా."

నిజమే, వాసన లేదు. రోజంతా కంపులో బతికే మాకు అది లేకపోవడమే పండగ. సముద్రపు గాలి వాసనను పైపైనే ఎగరేసుకుపోతోందని ఎవరికీ తోచలేదు. విషవాయువు అడుగున కూర్చుని ఉంటుంది. నేనూ నోరు మూసుకున్నాను.

అన్న మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయాడు.

టంగ్. టంగ్. టంగ్.

కిందినుంచి. ఇనుము మీద ఇనుము.

"దిగొద్దు! అన్నా, దిగొద్దు!"

నాకు అంత గొంతుందని నాకే తెలియదు. చొక్కా పట్టి వెనక్కి లాగాను. ఇద్దరం వెల్లకిలా పడ్డాం.

"ఏందిది! మా ఇంటామె గూడా ఇట్టా ఈడ్చలేదే నన్ను!" అన్నాడు అన్న. సెల్వి అక్క పగలబడి నవ్వింది.

నేను పరుగెత్తి మీటర్ తెచ్చి, తాడుకు కట్టి దించాను. సగం లోతుకు వెళ్లకముందే అది గీపెట్టింది. నవ్వు ఆగిపోయింది. అన్న నేల మీదే కూర్చుండిపోయాడు.

"మా అమ్ములికి మూడో క్లాసే..." అన్నాడు, కూతురిని తలచుకుని. "నీకెట్టా తెలిసింది పాపా?"

"ఊరికే అనుమానం వచ్చింది అన్నా" అన్నాను. సెల్వి అక్క ఏ చప్పుడూ వినలేదని ఆమె ముఖమే చెబుతోంది.

టార్చి వేసి చూశాను. నీళ్లు చివరి మెట్టుకు బాగా కింద, కదలకుండా ఉన్నాయి. నిచ్చెనకు తగిలేది ఏదీ లేదు. బోల్టులన్నీ బిగుతుగా ఉన్నాయి. మర్నాడు ఫ్యానుతో గాలి పంపి, మీటర్ నిశ్శబ్దమయ్యాక పంపు బాగుచేశారు. అప్పుడు అన్న కిందనుంచి రెండు దెబ్బలు కొట్టాడు. అదే చప్పుడు! ఒళ్లంతా జలదరించింది. భయంతో కాదు. సాయంత్రం అన్న సైకిలెక్కి ఇంటికి వెళ్తుంటే గంతులేయాలనిపించింది.

ఆ చప్పుడు ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. గోరిమేడు ఆసుపత్రిలో తాతను చివరిసారి చూసిన రోజు మాత్రం గుర్తొస్తుంది. జ్వరం కలవరింత అనుకున్నాను అప్పుడు. మంచం ఇనుప కమ్మీ మీద వేలితో మూడుసార్లు కొట్టి, నా వైపు చూసి అన్నాడు:

"ఇది వినబడితే ఎవురని అడగబాకమ్మా. ముందు కేకెయ్."