మాత్ర వేసుకున్నట్టు ఒక మిస్డ్ కాల్

చేపల వ్యాపారం చేసే మా పేషెంటు నాగేశ్వరమ్మగారు బీపీ మాత్ర మరిచిపోతున్నారని, వేసుకోగానే నా సెల్‌కి మిస్డ్ కాల్ ఇమ్మన్నాను. రోజూ పొద్దున్నే ఠంచనుగా వచ్చేది. ఈ పద్ధతి గురించి వన్ టౌన్ డాక్టర్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఈ రోజు పొరపాటున ఎత్తాను. ఆవిడ కోడలు పలికింది.

“అత్తయ్యగారు బందరు పెళ్లికెళ్లి వారమైందండీ. కాల్ రాకపోతే మీరు కంగారు పడతారని, నన్ను ఇస్తూ ఉండమని ఫోన్ వదిలి వెళ్లారు.”

“మరి మాత్రలో?”

“ఇక్కడే ఫ్రిజ్ మీదున్నాయండీ. అవి కూడా నేనే వేసుకోవాలా?”

మాత్రలు ఇంట్లోవాళ్లు మధ్యాహ్నం బందరు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపించారట. తన బీపీ గురించి లేని బెంగ ఆవిడకు నా కంగారు గురించి ఉంది. ఇలాంటి మనిషిని ఎలా తిట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.