దొరసాని కంబళి

అరకు కొండలకు రైలు రాని రోజులవి. మన్యంలో తెల్లవాళ్ళ మీద లేచిన పితూరీ సద్దుమణిగిన కొత్త. ఎడ్లబండి మీద ఘాటీ ఎక్కి దిగితే మన నడుము ఎక్కడుందో మనమే వెతుక్కోవాలి. అప్పట్లో మాకు తెలిసిన తెలివి ఒక్కటే, పెద్దలు చెప్పింది చేసేసి, ఆ తర్వాత తల పట్టుకోవడం. (ఇప్పటివాళ్ళు మొదటిది మానేశారు గానీ రెండోది బాగానే చేస్తున్నారు.) స్కూలు ఫైనలు తప్పి ఇంట్లో కూర్చుని తింటున్న నన్ను మా మేనమామ తన దగ్గరికి పిలిపించుకున్నాడు. ఆయన ఒక జమీందారు గారి కొండబంగళాకు మేనేజరు. ఆ బంగళా వెనకాల జమీందారు గారు ముచ్చటపడి పెట్టుకున్న బుల్లి జంతుశాల ఉండేది. అందులో రెండు నెమళ్ళు, ఒక దుప్పి, ఒక ఆడ ఎలుగుబంటి. ఎలుగును కూనగా ఉన్నప్పటినుంచీ పెంచారు. దాని నడకలో ఉన్న దర్జా చూసి అందరూ దొరసాని అనేవారు.

పుష్యమాసంలో జమీందారు గారు వచ్చి మూడు శాలువలు కప్పుకుని కూడా వణికిపోయారు. తనకు చలేస్తోంది కాబట్టి లోకానికంతటికీ చలేస్తోందని తేల్చేశారు. పైగా ఏ పట్నంలోనో జంతువులను గదుల్లో పెట్టి పెంచడం చూసొచ్చారట. "ఏడాది పొడుగునా వీటిని లోపలే ఉంచు. కుంపట్లు పెట్టించు. ఉగాది వెళ్ళాక తెల్లదొరను తీసుకొస్తాను, దొరసాని నిగనిగలాడుతుండాలి" అని చెప్పి కొండ దిగిపోయారు. మా మావయ్యకు అది వేదవాక్కు. నెమళ్ళూ దుప్పీ ఎలాగో సర్దుకున్నాయి. దొరసానిని మాత్రం పాత వడ్లకొట్లో పెట్టి, మెడ దగ్గర ముడివేసి ఎర్ర కంబళి కప్పాం. ఆ ముడి వేసింది నేనే, ఎవరూ విప్పలేనంత గట్టిగా వేశాను.

ఉగాది నాటికి దొరసాని గోడవైపు తిరిగి పడుకుంది. చోడి (అదే, రాగి) జావ పెడితే ముట్టదు, బెల్లం పెడితే చూడదు. తేనె పెడితే మూతి తిప్పేసుకుంది. దానికేమైనా అయితే మావయ్య ఉద్యోగం ఊడుతుంది, మావయ్య ఉద్యోగం ఊడితే నా తిండి ఊడుతుంది. నాకూ ముద్ద దిగలేదంటే నమ్మండి. (మా అత్తయ్య నమ్మలేదు.) సాయంత్రమయ్యేసరికి ఇంట్లో అదే వాదన.

"బయట మంచుకి దాని రొమ్ము పట్టేస్తే ఎవడు జవాబు చెప్తాడే?" అనేవాడు మావయ్య.

"దాని ఒంటిమీది బొచ్చు సూసినారేటి? అడివిలో దాని అమ్మకి ఎవులు కుంపటెట్టినారు?" అనేది అత్తయ్య. మావయ్య పొడుం పీల్చేవాడు.

ఇంతలో ఇటుకల పండగ వచ్చింది. చైత్రంలో కొండ ఊళ్ళ మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని వేటకు పోతారు. జంతువును తెస్తే పసుపునీళ్ళతో ఎదురొస్తారు. ఉత్త చేతులతో వచ్చారో, ఆడవాళ్ళు దారికడ్డంగా నిలబడి పాటల్లో తిట్టి పేడనీళ్ళు గుమ్మరిస్తారు. ఆ రోజు మావయ్య పనిమీద పాడేరు వెళ్ళాడు. మధ్యాహ్నం బంగళా వెనక గేటు దగ్గర పది పన్నెండు మంది వేటగాళ్ళు ముఖాలు వేలాడేసుకుని నిలబడ్డారు. వాళ్ళ ముందు మేం మీసాల తాత అని పిలిచే పెద్దమనిషి.

"బాబూ, కుందేలు కూడా దొరకనేదు. మా ముసిల్ది బాన నిండా పేడ కలిపి కూకుంది. ఓ పాలి ఎలుగునిస్తే ముందర నడిపించుకుని ఊర్లోకి ఎల్తాం."

"చంపేస్తారేమిటి?"

"సంపడం దేనికి బాబూ? అడివి జీవం మాతో వొస్తే సాలు. బేగి తెచ్చేత్తాం."

నేను అత్తయ్య వంక చూశాను. "తీసుకెళ్ళరా. లోపలుంటే ఎలాగూ పోద్ది. గాలైనా తగుల్తాది" అంది. తాడు పట్టుకుని నేనే బయల్దేరాను.

దొరసాని గుమ్మం దాటి ఎండలో నిలబడి ఒక్కసారి ఒళ్ళంతా విదిల్చుకుంది. దారిపొడుగునా నేల వాసన చూస్తూ, నన్ను ఈడ్చుకుంటూ నడిచింది. వేటగాళ్ళు డప్పు కొట్టి, లేని వేట గురించి గొప్పగా కేకలు పెట్టారు. ఊరి మొగదల ఆడవాళ్ళు కాసేపు నోరు తెరుచుకుని చూశారు. తాత భార్య మాత్రం బాన మీద చెయ్యేసి దగ్గరకొచ్చి, ఎలుగును ఎగాదిగా చూసి, "ఏటీ, మీరెల్లిన అడివిలో ఎలుగులు కంబళ్ళు కప్పుకుంటన్నాయా?" అంది.

కంబళి. కొండంత ఎలుగును చూశాం గానీ దానిమీద కంబళిని ఒక్కడూ చూడలేదు. ఆ తర్వాత పేడనీళ్ళు వానలా పడ్డాయి. నేనూ ఉత్త చేతులతో వచ్చిన మగాణ్ణే కదా, నా వాటా నాకూ ముట్టింది. ఆ గోలలో తాడు నా చేతిలోంచి జారిపోయింది. కళ్ళు తుడుచుకుని చూస్తే, దొరసాని ఒక ముంగిట్లో ఆరబోసిన ఇప్పపువ్వు మీద కూర్చుని రెండు చేతులా తింటోంది. ఎన్నాళ్ళకు తింటోందో! నేను పేడ కారుతున్న మొహంతో ఏడుస్తూ నవ్వాను.

"ఈ గుంటడికి పిచ్చేటి, పేడ పోత్తే నవ్వుతన్నాడు" అంది తాత భార్య. సంగతి చెప్పాక బాన కింద పెట్టి, తన గుడిసెలోంచి ఇంకో చేటెడు పువ్వు తెచ్చి దొరసాని ముందు పోసింది. మా ముడిని కత్తితో కోసేసింది కూడా ఆవిడే.

సాయంత్రం దొరసానిని తోలుకొచ్చి పెరట్లో కట్టేశాం. మావయ్య వచ్చి విని గొల్లుమన్నాడు గానీ, తింటున్న ఎలుగును మళ్ళీ కొట్లో పెట్టే ధైర్యం ఆయనకూ లేకపోయింది. జమీందారు గారు రానే వచ్చారు. తెల్లదొర రాలేదు, జలుబు మాత్రం ఆయనతో వచ్చింది. పొద్దున్నే అరుగు మీద ఎండలో పడక్కుర్చీ వేసుకున్నారు. ఎదురుగా పెరట్లో దొరసాని, కంబళి లేకుండా, అదే ఎండలో పొర్లుతోంది. మావయ్య స్తంభం వెనక్కి తప్పుకున్నాడు.

అత్తయ్య తలుపు చాటునుంచి, "తమరి గదిలో కుంపటెట్టించానండీ, లోపలికి దయచెయ్యండి" అంది.

"లోపల ఉక్కగా ఉందమ్మా. ఇక్కడే బాగుంది."

"దానికీ అలాగే ఉందటండీ" అంది అత్తయ్య.

జమీందారు గారు ఎలుగు వంక చూశారు. తుమ్మారు. నవ్వారు. కొట్టు తలుపులు మళ్ళీ మూయలేదు.

ఇప్పుడు నా వయసు ఆనాటి జమీందారు గారి వయసును దాటి చాలా దూరం వచ్చేసింది. నిన్న సాయంత్రం మా కోడలు శాలువా తెచ్చి నా మెడ చుట్టూ గట్టిగా చుట్టి ముడేసి, "మావయ్య గారూ, మంచు దిగుతోంది, లోపలికి రండి" అంది. "లోపల ఉక్కగా ఉందమ్మా" అన్నాను. తను నవ్వేసి, కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను మెల్లగా ముడి విప్పుకున్నాను.