సముద్రం వైపు కిటికీ

బడి బస్సు నడిపే లోరెట్టా నోటికి మా తీరమంతా హడల్. టోపీ లేకుండా ఏ పిల్లాడైనా బస్సెక్కితే, "మీ అమ్మ ఇంకా నిద్రలేవలేదా?" అని దులిపేసి, తన టోపీ తీసి వాడి నెత్తిన పెట్టేది. ఆమె ఎదురింటిదాన్ని కాబట్టి ఆ తిట్లలో నా వాటా నాకూ ఉండేది. అంతటి మనిషీ మా పక్కింటి బ్రిన్‌ను మాత్రం బస్సెక్కించలేకపోయింది.

బ్రిన్‌కి ఎనిమిదేళ్లు. తల్లి లేదు, నాయనమ్మ ఆర్డిత్ పెంపకం. తండ్రి వేన్‌ది లాబ్‌స్టర్ల వేట. ఒకరోజు పడవలో తాడు చుట్టుకుని అతని రెండు వేళ్లు తెగిపోయాయి. మర్నాటి నుంచి ఈ పిల్ల బడికి పోనని భీష్మించుకుంది. గాయం మాని వేన్ మళ్లీ వేటకు పోతున్నా, ఇది మాత్రం బస్సెక్కలేదు.

ఇక ఊళ్లో ప్రతివాళ్లూ డాక్టర్లే. ఎవరో కొట్టి ఉంటారన్నారు, లెక్కలంటే భయమన్నారు, గారాబం ముదిరిందన్నారు. బడి నుంచి ఒకావిడ వచ్చి, దాని మనసులో ఏముందో తెలుసుకుందామని బొమ్మలు గీయించింది. పోతూ పోతూ, ఇలాగే ఉంటే ఈ ఏడు చదువు పోయినట్టేనంది. నాకు ఒళ్లు మండింది. తిండి మానేసి సగమైపోయిన పిల్ల ముందు అనే మాటేనా అది?

ఆగొద్దని పైవాళ్లు చెప్పినా లోరెట్టా రోజూ ఆ ఇంటి ముందు బస్సాపేది. ఒక పొద్దున, మామూలుగా చీకటితోనే వెళ్లే వేన్ పడవ గాలి తగ్గేదాకా ఆగి, అప్పుడే రేవు వదిలింది. నేను మెట్ల మీద మంచు గీకుతున్నాను. బ్రిన్ వరండాలో గోడకేసి ముఖం పెట్టి నిలబడింది. వీపు సముద్రం వైపు. లోరెట్టా అది చూసి బస్సు దిగింది.

మా ఆడవాళ్లకు అది వేరే చెప్పక్కర్లేదు. పడవ కనుమరుగయ్యేదాకా చూస్తే కీడు జరుగుతుందని మా నమ్మకం. అందుకే మగవాళ్లను సాగనంపి, పడవ రేవు దాటకముందే వెనక్కి తిరిగేస్తాం.

"ఆ రోజు మీ నాన్న పడవ పోవడం బస్సులోంచి చూశావా తల్లీ?" అంది లోరెట్టా.

"ఆ రోజు ఇంజను పాడై నాన్న ఆలస్యంగా వెళ్లాడు," అంది బ్రిన్ గోడతోనే. "కిటికీలోంచి కనిపించాడు. మొత్తం పోయేదాకా చూసేశాను. నావల్లే."

గుమ్మంలోంచి ఆర్డిత్ అందుకుంది. "చూడొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"నువ్వు కాసేపు ఊరుకో వదినా." లోరెట్టా అటు తిరిగింది. ఆమె భర్త ఎవరెట్ ఆర్డిత్‌కి సొంత తమ్ముడు. "మీ తమ్ముడు మునిగిపోయిన రోజు నేను చూడలేదు. నువ్వు నేర్పినట్టే వీపు తిప్పుకుని నిలబడ్డాను. ఆఖరిసారి ముఖమైనా చూసుకోలేదు. అయినా అతను రాలేదు."

ఆర్డిత్ గుమ్మం దాటి వచ్చింది. "నువ్వు చూశావనే, అందుకే వాడు పోయాడనే అనుకున్నానే, ఇన్నేళ్లూ."

"తెలుసు," అంది లోరెట్టా.

బ్రిన్ మెల్లగా ఇటు తిరిగింది. "అయితే నాన్న వస్తాడా?"

"అది నేను చెప్పలేనమ్మా. నువ్వు చూసినంత మాత్రాన పోడు. అంతవరకే తెలుసు నాకు."

లోరెట్టా తన టోపీ తీసి దానికి పెట్టింది. బ్రిన్ ఏడుస్తూనే బస్సెక్కి, సముద్రం వైపు కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు కదలగానే ఆర్డిత్ అలవాటుగా వీపు తిప్పింది. అంతలోనే మళ్లీ ఇటు తిరిగి, బస్సు మలుపు దాటి కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడింది.